అల్మారాలో ఉన్న అమానత్



మా నానీ నిఖా చీరను అమ్మేసింది నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇక్కడ మీకు చెప్పబోయే మాటలన్నీ ముందు నాకు నేను చెప్పుకోవలసినవి.

హిందూపురంలో మా గల్లీకి ఏడాదికి రెండు మూడుసార్లు ఒకాయన సైకిల్ మీద వచ్చేవాడు. "పాత పట్టుచీరలు కొంటాం, పాత జరీ కొంటాం" అని కేకేసేవాడు. నానీ ఇంతెకాల్ అయిన మరుసటి ఏడు, పిల్లల ఫీజులు కట్టాల్సిన రోజుల్లో, నేనే ఆయన్ని పిలిచాను. ట్రంకుపెట్టె అడుగున ఉన్న ధర్మవరం పట్టుచీర తీశాను. మడతల దగ్గర పట్టు చీలిపోయింది. కట్టుకోవడానికి పనికిరాదు. అమ్మీ ఒకసారి కొంగు తడిమి చూసి, "రఖ్ కో క్యా కర్తే, దే డాల్" అంది. ఆయన అంచు రుద్ది చూశాడు, తూకం వేశాడు, నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. దీన్ని ఏం చేస్తారని అడిగాను. "కాల్చి వెండి తీస్తామమ్మా" అన్నాడు మామూలుగా. పాతకాలపు అసలైన జరీ అంటే పట్టుదారానికి చుట్టిన వెండితీగ, దాని మీద బంగారు పూత. మంటలో పట్టు పోతుంది, వెండి మిగులుతుంది.

కొన్నేళ్ల తర్వాత బెంగళూరులో ఒక ఎగ్జిబిషన్‌కు వెళ్లాను. అద్దాల వెనక, మెత్తటి వెలుతురులో, అచ్చం అలాంటి చీరే పరిచి ఉంది. దాని మడతలూ చీలిపోయాయి. పక్కన చిన్న కార్డు: పెళ్లిచీర, పట్టు, జరీ, దక్షిణ భారతదేశం, 20వ శతాబ్దం. చివరి లైను, చేసినవారు తెలియదు.

ఆ చీర సంగతి వాళ్లకు నిజంగానే తెలియకపోవచ్చు. మా చీర సంగతి మాకు తెలుసు. ధర్మవరంలో ఏ వీధిలో ఏ ఇంటి మగ్గం మీద నేశారో, నేసినాయన పేరేమిటో, పక్కన కూర్చుని పోగులు అతికిన ఆయన భార్య పేరేమిటో నానీ చెప్పేది. పెళ్లికి ముందు నానీ హిందూపురంలో పట్టుగూళ్ల దారం తీసే పనికి పోయేది. మరిగే నీళ్లలో గూళ్లు వేసి, కొస వెతికి పట్టుకుని లాగే పని. వేళ్ల చివర్లు ఎప్పుడూ తెల్లగా ఉబ్బి ఉండేవట. "ఈ చీరలో నా దారం కూడా ఎక్కడో ఉండే ఉంటుంది" అని నవ్వేది. నేను వినేదాన్ని. ఒక్క పేరు కూడా రాసుకోలేదు. ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు. మా చీర విషయంలో ఆ 'తెలియదు' అనే మాట రాసింది ఏ మ్యూజియమూ కాదు. నేనే.

మ్యూజియాల్లో, ఎగ్జిబిషన్లలో ఏ వస్తువు పెట్టాలి, ఏది వద్దు, దేని పక్కన ఏది ఉండాలి, కార్డు మీద ఏం రాయాలి అని తేల్చేవాళ్లను క్యూరేటర్లు అంటారు. లాటిన్‌లో 'బాగోగులు చూసుకోవడం' అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందట ఈ పేరు. మనకు ఈ పని కొత్తది కాదు. ముజావర్, ఖాదిమ్, ముతవల్లీ అనే మాటలన్నిటి వెనక ఉన్నది అదే. తనది కాని వస్తువును తన దగ్గర పెట్టుకుని ఖిద్మత్ చేసి, తర్వాతివాళ్లకు అప్పజెప్పడం. ఒక్క మాటలో, అమానత్. ఈ రోజు మన ఇళ్లల్లో ఈ అమానత్‌ను చూసుకునేవాళ్లు లేరన్నదే నా ఫిర్యాదు.

కార్డు మీద రెండు లైన్లు రాస్తే ఏమవుతుంది, రాయకపోతే ఏమవుతుంది అనుకోకండి. టిప్పు సుల్తాన్ పులిబొమ్మనే చూడండి. మన ప్రాంతం కూడా ఒకప్పుడు ఆయన ఏలుబడిలోదే. పెద్ద కొయ్యపులి, దాని కింద పడి ఉన్న తెల్లవాడు, లోపల గర్జన వినిపించే యంత్రం. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయాక కంపెనీ సైన్యం దోచుకుపోయిన వాటిలో అదీ ఉంది. లండన్‌లో కంపెనీవాళ్లు తమ మ్యూజియంలో పెట్టి జనానికి చూపించారు. చూశారా ఆ సుల్తాన్ ఎంత క్రూరుడో, అందుకే మేం వెళ్లి ఓడించాం అని చెప్పుకోవడానికి అది సాక్ష్యమైంది. ఇప్పుడది విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అదే బొమ్మను ఇవాళ మనలాంటి వాళ్లు చూస్తే, చుట్టుముట్టిన కంపెనీకి లొంగనన్న ఒక రాజు కోపం కనిపిస్తుంది, మైసూరు కారీగర్ల హునర్ కనిపిస్తుంది. బొమ్మ మారలేదు. దాని గురించి చెప్పేవాళ్లు మారితే కథ మారింది. మన వస్తువుల కథ మనం చెప్పకపోతే, ఇంకెవరో వాళ్లకు అనుకూలమైనట్టు చెప్తారు. లేకపోతే 'తెలియదు' అని రాసి ఊరుకుంటారు.

పేరు పోవడం మన ఒక్కరి సమస్యే అనుకున్నా తప్పే. హిందూపురం నుంచి లేపాక్షి ఎంత దూరం, పట్టుమని పదిహేను కిలోమీటర్లు. గుడి కట్టించిన విరూపణ్ణ పేరు స్కూలు పిల్లలకు కూడా తెలుసు. పైకప్పు మీద ఆ బొమ్మలు గీసిన చేతుల పేర్లు తెలియవు. ఆ స్తంభాల మీది లతలు, పువ్వులు చూసి డిజైన్లు తీసుకుని ఇవాళ్టికీ చీరల అంచుల మీద నేస్తారు. అవి మొదట చెక్కినవాళ్ల పేరూ తెలియదు, ఇప్పుడు నేస్తున్నవాళ్ల పేరూ చీర మీద ఉండదు. ధర్మవరం పట్టుచీరలకు, పావడాలకు జీఐ గుర్తింపు ఉంది. మంచిదే. దాంతో ఊరి పేరుకు రక్షణ దొరికింది. మగ్గం ఎక్కిన మనిషి పేరు మాత్రం అలాగే చీకట్లో ఉంది. అద్దకం వేసేవాళ్లలో, దారం తీసేవాళ్లలో, మగ్గం మీద కూర్చునేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. బంధువుల ఇళ్లకు పోయినప్పుడు రంగు ఇంకిపోయిన ఆ గోళ్లు మీరూ చూసి ఉంటారు.

చదువుకున్నవాళ్లు గీస్తే ఆర్ట్, కింద సంతకం ఉంటుంది. మన ఊరివాళ్లు చేస్తే క్రాఫ్ట్, కింద ఊరి పేరు ఉంటుంది. ఈ రెండింటి మధ్య గీత ఎవరు గీశారు? ధర్మవరం పక్కనే ఉన్న నిమ్మలకుంటవాళ్లు ఆ గీతను కొంచెం చెరిపారు. మేకతోలును కాగితంలా పలచగా చేసి, చిల్లులు కొట్టి, రంగులు వేసి, వెనక దీపం పెట్టి రామాయణ భారతాలు ఆడించిన కుటుంబాలు వాళ్లవి. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, రాత్రంతా కూర్చుని ఆట చూసేవాళ్లు తగ్గిపోయారు. వాళ్లు అదే తోలుతో, అదే రంగులతో దీపాల తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ రోజు పేపర్లో ఊరి పేరుతో పాటు మనిషి పేరు వచ్చింది. నాకు అసూయ వేసిందంటే నమ్మండి. వాళ్ల ఇళ్లల్లో తాతలనాటి బొమ్మలున్నాయి, ఏది ఎవరు చేశారో చెప్పగలిగే మనుషులున్నారు. మనకు పక్కనే ఉన్న పాఠం ఇది. వస్తువు ఒక్కటే మిగిలితే చాలదు, దాని గురించి చెప్పే నోరు కూడా మిగలాలి.

మన ఇళ్లల్లో ఏముంది లెండి, మనమేమైనా నవాబులమా అంటారు కొందరు. ఆ మాట వెనక ఉన్నది సాలార్‌జంగ్ మ్యూజియం. హైదరాబాద్ పోయిన ప్రతిసారీ పిల్లల్ని తీసుకెళ్లి ఆ గంటల గడియారం చూపిస్తాం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ ఏరి కూర్చిన వస్తువులవి, 1951లో జనం కోసం తెరిచారు. చూసి తీరాల్సిన చోటే. కానీ ముస్లింల విరాసత్ అంటే నవాబుల కత్తులు, పింగాణీ గిన్నెలే అన్న ఖయాల్ మనకు అక్కడి నుంచే అబ్బిందేమో. పట్టుగూళ్లు మరిగించిన పొయ్యి ఏ మ్యూజియంలో ఉంది? బీడీ చేటలు, కుట్టుమిషన్లు, దూదేకుల కమాను, పెళ్లిళ్లలో దేగ్‌లు కలిపిన గరిటెలు ఎక్కడున్నాయి? మన జనంలో ఎక్కువమంది తారీఖ్ వీటిలోనే ఉంది.

జరీనా హష్మీ గారి గురించి చెప్పాలి. మన పిల్లలకు తెలియాల్సిన పేరు. 1937లో అలీగఢ్‌లో పుట్టారు. గణితం చదువుకున్నారు. తర్వాత దేశదేశాలు తిరిగి న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. ఆవిడ ఇంటివాళ్లు పాకిస్తాన్ వెళ్లిపోయారు, ఇల్లు పోయింది. ఆవిడ పనిలో మనిషి బొమ్మలు కనిపించవు. గీతలు, ఇంటి నక్షాలు, నల్లరంగు, చేత్తో చేసిన కాగితం, ఉర్దూ మాటలు. 1999లో 36 చెక్క అచ్చుల వరుస ఒకటి చేశారు. ఒక్కో అచ్చుకు ఒక్కో ఉర్దూ మాట, నస్తాలీఖ్ రాతలో. దాని పేరుకు అర్థం 'ఇల్లు ఒక పరాయి దేశం' అని. 2004లో ఇంకొకటి చేశారు. ఆవిడ అక్క రానీ చెల్లెలికని ఉర్దూలో ఖత్‌లు రాసి పోస్టు చేయకుండా దాచుకుంది, అమ్మానాన్నల మరణం గురించి, ఇల్లు అమ్మేయడం గురించి. ఆ ఖత్‌లు చేతికొచ్చాక జరీనా వాటినే అచ్చులుగా చేసి, వాటి మీద ఇంటి నక్షాలు, ఊళ్ల నక్షాలు గీశారు. అక్క దస్తూరీ ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉంది.

2011లో వెనిస్ బినాలేలో భారతదేశం తన పెవిలియన్ పెట్టినప్పుడు, దాని క్యూరేటర్ కవి రంజిత్ హోస్కోటే. ఆయన ఎంచుకున్న కొద్దిమందిలో జరీనా ఒకరు. విదేశంలో ఉంటూ, ఉర్దూలో రాసుకునే డెబ్భై దాటిన ముస్లిం స్త్రీని 'భారతదేశం' అన్న బోర్డు కింద నిలబెట్టడం చిన్న నిర్ణయం కాదు. క్యూరేటర్ అనే మనిషి చేతిలో ఎంత బలం ఉందో అక్కడ తెలుస్తుంది. ఎవరు మనవాళ్లు అన్నది కూడా ఆ ఎంపికే చెప్తుంది. 2020 రంజాన్ మొదలైన రోజుల్లోనే ఆవిడ లండన్‌లో ఇంతెకాల్ అయ్యారు. అల్లాహ్ మగ్‌ఫిరత్ చేయుగాక.

ఆ ఖత్‌ల సంగతి చదివిన రోజు నేను మా ఇంటి ట్రంకుపెట్టె మళ్లీ తెరిచాను. నానా గారి ఉర్దూ ఉత్తరాలు, ఒక లెక్కల పుస్తకం ఉన్నాయి. మా పిల్లలు వాటిని చదవలేరు. ఉర్దూ వాళ్లకు నోటి జుబాన్, కంటికి రాదు. ఇంకో ఇరవై ఏళ్లకు అవి మా ఇంట్లో ఉన్నా పాతకాగితాలవాడి తూకానికే పనికొస్తాయి. చీర పోయినట్టే ఇవీ పోతాయి. ఈసారి మాత్రం నేను చూస్తూ ఊరుకోదలచుకోలేదు.

ఇక అభ్యంతరాలు. మొదటిది తస్వీర్ సంగతి. బొమ్మలు, ఎగ్జిబిషన్లు మన దీన్‌కు సరిపడవని పెద్దలు అంటారు. నేను ఆలిమాను కాను, ఆ మస్‌అలా మీద నోరు విప్పను. మీ ఆలిమ్‌లను అడగండి. కానీ నేనడిగేది చీర, ఖత్, కుట్టుపని, ఖురాన్ చుట్టిన గుడ్డ, కొడవలి, మగ్గం నాడె. వీటికి ముఖాలు లేవు. వీటి పక్కన పేరు రాయడంలో తప్పేమిటో నాకు తోచలేదు.

రెండోది ఇంకా బరువైనది. ఇంటి వస్తువులు, ఆడవాళ్ల పేర్లు పదిమందిలో పెట్టడమేమిటి, ఇజ్జత్ ఏం కావాలి? ఈ ప్రశ్నను నేను కొట్టిపారేయను. పెనుకొండ బాబయ్య దర్గాకు చిన్నప్పటి నుంచి వెళ్తున్నాను. హజ్రత్ బాబా ఫక్రుద్దీన్ గారికి ముర్షిద్ ఒక ఎండుపుల్ల ఇచ్చి, ఇది చిగిర్చిన చోట ఉండిపొమ్మన్నారని, అది పెనుకొండలో చిగిర్చిందని చెప్పుకుంటారు. ఉరుసుకు మనవాళ్లతో పాటు హిందువులూ మొక్కులు తీర్చుకోవడానికి వస్తారు. అక్కడి వస్తువులను తీసుకెళ్లి అద్దాల పెట్టెలో పెట్టమంటే నేనే ఒప్పుకోను. వాటి స్థానం దువా చేసే చోటే. చూపించకూడనిది ఏదో తెలుసుకోవడం కూడా ఈ ఖిద్మత్‌లో భాగమే. కాబట్టి ముందు ఇజాజత్ అడగాలి. ఎవరి వస్తువో వాళ్లు వద్దంటే వద్దు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే 'హిందూపురంలో పన్నెండేళ్లు పట్టుదారం తీసిన ఒక తల్లి' అని రాసినా చాలు. అది 'తెలియదు' కంటే వెయ్యి రెట్లు నయం.

ఒక హెచ్చరిక కూడా. అందమైనవే ఏరి, అబ్బా మన పాతకాలం ఎంత బాగుండేదో అని మురిసిపోతే అదీ అబద్ధమే. నానీ చీర మెరుపు రాయాలి, నానీ ఉబ్బిన వేళ్లూ రాయాలి. అద్దకంలో రోజంతా రంగునీళ్లలో నానిన చేతుల గురించి రాయాలి. ఇంట్లో కూర్చుని కండెలు చుట్టిన ఆడపిల్లల పనికి ఎవరూ కూలి లెక్క కట్టలేదని రాయాలి. పేరు రాసి మెహనత్ దాచితే సగం అమానతే అప్పజెప్పినట్టు.

మరి ఏం చేయాలి? పెద్ద బిల్డింగ్ అక్కర్లేదు. కొచ్చిలో 2012 డిసెంబరు 12న బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు ఆర్టిస్టులు బినాలే మొదలుపెట్టినప్పుడు వాడుకున్నది పాత మసాలా వ్యాపారుల గోదాములనే. ఇప్పుడు ప్రపంచం అక్కడికి వస్తోంది. హిందూపురంలో బెల్లం, చింతపండు గోదాములకు కొదవా? అంత దూరం కూడా వద్దు. ఈద్ తర్వాత ఒక ఆదివారం, ఒక షాదీఖానా హాలు, ఇరవై ఇళ్ల నుంచి ఇరవై వస్తువులు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఏదో ఒక ఊరు ముందు మొదలుపెడితే చాలు. నేసిన పద్మశాలి ఇంటివాళ్లను, తొగట ఇంటివాళ్లను కూడా పిలవండి. మన చీర కథలో సగం వాళ్ల దగ్గరే ఉంది.

ఆదివారం దాకా ఆగలేనివాళ్లు ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు. అల్మారా తెరిచి ఒక్క వస్తువు తీయండి. ఒక కాగితం మీద మూడు లైన్లు రాయండి. ఇది ఏమిటి. ఎవరి చేతి పని. ఎవరి నుంచి ఎవరికి వచ్చింది. తెలుగులో రాయండి, కుదిరితే ఉర్దూలో కూడా. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఫోన్ ముందు పెట్టి మాట్లాడించండి. పట్టుచీరను ప్లాస్టిక్ కవర్లో మూయకండి, ఉతికిన తెల్లటి నూలుగుడ్డలో చుట్టండి. అప్పుడప్పుడు మడత మార్చండి, ఎప్పుడూ ఒకే మడత ఉంటే అక్కడే చీలుతుంది. మా చీర అలాగే చీలింది. పాత ఖత్‌లకు టేపు అంటించకండి, లామినేషన్ అసలే చేయించకండి. రెండు వైపులా ఫోటో తీసి, చదవగలిగినవాళ్లతో ఇప్పుడే చదివించి తెలుగులో రాయించండి.

నేను నానా గారి లెక్కల పుస్తకంతో మొదలుపెట్టాను. మసీదులో పిల్లలకు సబఖ్ చెప్పే ఒక పెద్దాయన శుక్రవారాలు వచ్చి చదివి పెడుతున్నారు. మొన్న ఒక పేజీలో నిఖా ఖర్చులు వచ్చాయి. బియ్యం, నెయ్యి, ఖాజీ గారికి ఇచ్చింది. ఆ కింద 'ధర్మవరం చీర' అని, పక్కన ధర. నేసినాయన పేరు ఆ పేజీలో లేదు. ఇంకా చాలా పేజీలున్నాయి. వెతుకుతున్నాం.

దువాలో గుర్తుంచుకోండి. ఖుదా హాఫిజ్.